దుకాణంలో దొరకని తూటా

"మూడు డిజైన్లు. ఏది?" అన్నాడు వోల్కర్.

ఐర్లండ్‌లో మెయ్‌నూత్ ఊరి బయట ఓ పాత షెడ్డు. బెంచీ మీద మూడు కాగితాలు, సగం తయారైన రైఫిల్. వోల్కర్ ఐరోపాలో నాలుగు హత్యలు చేసి ఒక్కదానికీ దొరకని మనిషి. ఎదురుగా కొవిడ్ మాస్కులో ఉన్నవాడు ఏజెంట్ అచ్యుత్. తూటాల కన్సల్టెంట్ వేషంలో ఢిల్లీ పంపిన మన మనిషి.

వోల్కర్‌కి కావలసింది వైల్డ్‌క్యాట్. అంటే ఏ కంపెనీ అమ్మని తూటా. మామూలు వేట తూటా ఖాళీ గొట్టాన్ని నొక్కి వేరే ఆకారం ఇస్తారు. రైఫిల్‌లో తూటా కూర్చునే ఛాంబర్‌ని ఆ ఆకారానికే కోస్తారు. ఏ పోలీస్ ల్యాబ్‌లోనూ నమూనా ఉండదు. అడుగున ముద్ర మాత్రం పాత తూటాదే ఉండిపోతుంది.

"మూడోది," అన్నాడు అచ్యుత్. "మొదటి రెండూ చూడగానే తెలిసిపోతాయి. దీనికి మెడ దగ్గర గొట్టం సన్నబడే చోటు, ఆ భుజం, ఒక్క వెంట్రుకవాసి వెనక్కి జరిపారంతే. కస్టమ్స్ వాడి చేతిలో పెట్టినా వేట తూటా అనుకుంటాడు."

వోల్కర్ దగ్గి, తలూపాడు.

ఆ సాయంత్రం చీఫ్ ఫోన్‌లో ఎగిరిపడ్డాడు. "హంతకుడికి ఆయుధం ఎంచిపెడతావా? బుద్ధుందా?"

"సార్, వాడి కంటికే తేడా తెలియకూడదు, అందుకే మూడోది. జెమీమా వాడి తూటాలు తీసేసి మామూలువి పెడుతుంది. భుజం అడ్డుపడి రైఫిల్ బోల్ట్ మూసుకోదు, తూటా పేలదు. వేరేవి తెచ్చుకుందామంటే ఏ షాపులోనూ దొరకవు."

"జెమీమా ఎవరి మనిషి?"

అదే ఎవరికీ తెలియదు. జెమీమా వోల్కర్ ముఠాకి కొరియర్, మనకు ఇన్‌ఫార్మర్. ఆమె అందం గురించి డిపార్ట్‌మెంట్‌లో కథలు కథలుగా చెప్పుకుంటారు. అచ్యుత్ చూసింది మాస్కు పైన రెండు కళ్లు, పెద్ద చెవి దుద్దులు మాత్రమే. ఆ దుద్దుల్లో మైక్ ఉంది. పని అయ్యాక ఆమె చెప్పాల్సిన కోడ్: "రసం పొంగింది."

ప్లాన్ బ్రహ్మాండం. కానీ షెడ్డులో వోల్కర్ దగ్గాడని చెప్పాను కదా! మూడో రోజుకి అచ్యుత్‌కి పాజిటివ్. దగ్గరి ఊరు నేస్‌లో తను దిగిన లీలారాణి ఆంటీ ఇంట్లో, మేడ మీద బాక్స్ రూమ్ అనే ఇరుకు గదిలో బందీ. కాళ్లు నిలబడవు. ఒళ్లు కాలిపోతోంది. జెమీమా నుంచి కబురు లేదు.

తలుపు అవతల ఆంటీ గొంతు. "బాబూ, మిరియాల చారు గుమ్మంలో పెట్టాను. నేను కిందకెళ్లాక తీసుకో. ఆక్సిజన్ చూసుకున్నావా?"

"చూసుకున్నానాంటీ."

అబద్ధం. వేలికున్న ఆక్సీమీటర్ డిపార్ట్‌మెంట్ పంపింది. జెమీమా మైక్‌ని అందుకుంటుంది, ఢిల్లీకి సంకేతాలు పంపుతుంది. ఆక్సిజన్ కొలవడం తప్ప అన్నీ వచ్చు దానికి. కొవిడ్ వచ్చినవాడికి అంతకన్నా దిక్కుమాలిన ఆక్సీమీటర్ ఉంటుందా?

అచ్యుత్ ఫోన్ తీశాడు. డాక్టర్ గిరిజాకుమారి ఎత్తింది. ఊరి ఆసుపత్రి ఐసీయూలో పనిచేసే కాకినాడ డాక్టర్. వోల్కర్ ముఠా మనిషి ఒకడు చనిపోతూ ఆమెకు పేర్లన్నీ చెప్పాడు. కోర్టులో సాక్ష్యం చెప్పమని ఒప్పించింది అచ్యుతే. ఇప్పుడు వోల్కర్ గురి ఆమె మీదే. "మీ ప్రాణానికి నాది పూచీ అక్కా" అని మాటిచ్చిందీ అతనే.

"అక్కా, ఇవాళ మీరు బయటకు రావద్దు. దణ్ణం పెడతాను."

"సత్యవాణి అంత్యక్రియలయ్యా! ఈ మహమ్మారిలో నా పక్కన నిలబడి చేసిన నర్సు. చర్చిలోకి పదిమందే అన్నారు. శవపేటిక ఆసుపత్రి ముందు నుంచి వెళ్తుంటే అందరం రోడ్డు పక్కన నిలబడతాం. నేను లోపల దాక్కోనా?"

"పోనీ, పైన నల్లకోటయినా వేసుకోండి."

"తెల్లచీరలో సాగనంపుతానని వాళ్లమ్మకి మాటిచ్చాను. నువ్వు పడుకో తమ్ముడూ, గొంతు బాలేదు."

ఫోన్ పెట్టేసింది. నల్లకోట్ల వరసలో ఒక్క తెల్లచీర! అంతకన్నా గురి ఏం కావాలి? ఎదురు మేడల్లో ఏదో కిటికీ నుంచి కాలుస్తాడని గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, ఫోన్ చేశాడు. "ఏ కిటికీ సార్?" అన్నారు. ఏ కిటికీయో తెలిస్తే ఈ ఏడుపెందుకు?

లేచాడు. తలుపు దాకా వెళ్లి అక్కడే కూలబడ్డాడు. చారుగిన్నె దొర్లిపోయింది. చర్చివాళ్ల లైవ్ ఫోన్‌లో నడుస్తోంది. సన్నని వాన. రెండేసి మీటర్ల దూరంలో మనుషులు. మధ్యలో తెల్లచీర.

ఆక్సీమీటర్ గరగరలాడింది.

"కనిపించింది," వోల్కర్ గుసగుస. "తెల్లచీర. తూటాల బాక్స్ ఇవ్వు."

"ఇదిగో." జెమీమా గొంతులో ఏమీ లేదు. కోడ్ లేదు.

అమ్మేసింది! అచ్యుత్‌కి ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు, నేల మీద, చారులో. తూటా ఎంచింది తను. అక్కను ఒప్పించింది తను. ఇప్పుడు వినడం తప్ప చేతిలో ఏమీ లేదు. "అక్కా, వంగండి" అని ఫోన్‌లోని బొమ్మతో గట్టిగా అరిచాడు.

శవవాహనం మలుపు తిరిగింది. గిరిజ చేతులు జోడించింది.

బోల్ట్ కదిలిన చప్పుడు. ఆగింది. మళ్లీ తోసిన చప్పుడు. ఆగింది.

"మూసుకోవడంలేదేం?" వోల్కర్ బుసకొట్టాడు. "ముద్ర సరిగానే ఉంది!"

"ముద్ర ఎప్పుడూ పాతదే ఉంటుంది," అంది జెమీమా. "ఇంకోటి పెట్టి చూడండి."

పెట్టాడు. మూసుకోలేదు.

"అసలువి ఎక్కడ? తీసుకురా!"

"ఏ షాపు నుంచి?"

శవవాహనం సాగిపోయింది. జనం మెల్లగా విడిపోయారు. తెల్లచీర ఆసుపత్రి తలుపులోకి వెళ్లిపోయింది. బూట్ల చప్పుడు, తలుపు పగిలిన చప్పుడు వినిపించాయి. ఏ కిటికీయో జెమీమా అప్పటికే గార్డులకు మెసేజ్ చేసింది. వోల్కర్‌ని మొదట వాళ్లు అడిగింది రైఫిల్ గురించి కాదట, లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటి ఎందుకొచ్చావని.

"రసం పొంగింది," అంది జెమీమా. "ముందే నోరు విప్పి చెబుదామంటే వాడు నిమిషం వదల్లేదు. గార్డులకు ఒక్క మెసేజ్ దొంగచాటుగా కొట్టానంతే."

"ఇక్కడా పొంగింది," అన్నాడు అచ్యుత్ నేల వైపు చూసి.

వెంటనే చీఫ్ ఫోన్. "శభాష్! తూటా ఎంపిక అద్భుతం. ఇంతకీ నీ ఆక్సిజన్ ఎంతుంది?"

"ఆంటీని అడిగి, మందుల షాపులో ఒక మామూలు ఆక్సీమీటర్ తెప్పించుకుని చెబుతాను సార్."