బుజ్జిబాబు పెట్టిన కార్డు

రకరకాల మొహాలున్న పన్నెండు ఫొటోలు. ఎవరికి కోపమో, ఎవరికి సంతోషమో బుజ్జిబాబు సరిగ్గా చెప్పినవి మూడు. చాందిని దీదీ కాగితం మీద ఆ అంకె వేస్తుంటే నీలవేణికి ఒళ్లు మండిపోయింది.

చాందిని దీదీది గుంటూరు. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో ఉండి రీసెర్చ్ చేస్తోంది. ఆటిజం ఉన్న పిల్లలకి ఎదుటివాళ్ల మనసు ఎంతవరకు తెలుస్తుంది అన్నది ఆమె చదువు. అందుకని ప్రతి శనివారం ఆ ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఉన్న వీళ్లింటికి వస్తోంది. నీలవేణి తమ్ముడు బుజ్జిబాబుకి ఏడేళ్లు. వాడికి ఆటిజం ఉంది. మాటలు తక్కువ, చదవడం మాత్రం బాగా వచ్చు.

"మూడేనా?" పక్కింటి రాజ్ కిరణ్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఆడికేటి తెలుసు దీదీ. ఎవులు ఏడిసినా ఆడు నవ్వుతాడు."

"నువ్వు పోయెహె," అంది నీలవేణి.

రాజ్ కిరణ్ పోయాడు. ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు. వాడికేం తెలుసు. స్కూల్లో మేడమ్ అదే అంది. పెళ్లిలో అత్త అదే అంది. గోల్‌బజార్‌లో చెప్పుల కొట్టాయన వాడి కాలికి చెప్పు తొడిగి, బిగుతుగా ఉందా అని నీలవేణిని అడిగాడు. కాలు ఎవరిది? అడగాల్సింది ఎవర్ని?

"ఈ టెస్టే తప్పు దీదీ," అంది నీలవేణి. "పళ్లు బయటెట్టి కోపమంట. నోరు తెరిసి ఆశ్చర్యమంట. అలాగ ఎవులుంటారు? మా మామ్మకి కోపమొస్తే మొకం మారదు. గిన్నెలు సప్పుడు సేస్తాది. అది ఇని ముందు మంచం కిందకి దూరేది ఈడే. మాకు తర్వాత తెలుస్తాది. అది మీ కాగితంలో ఉందా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగింది. సింహాచలమ్మ మామ్మ వింటోందన్నమాట.

చాందిని దీదీకి కోపం రాలేదు. "లేదు," అంది. "నాకూ ఆ అనుమానమే. వాళ్లకి మన మనసు తెలియదంటాం. వాళ్ల మనసు మనకెంత తెలుసో ఎవరూ అడగరు. అందుకే ఇంకో టెస్టు తెచ్చాను. ఇది నీకు."

"నాకా? పెట్టండి. మా తమ్ముడి గురించి నాకు తెలీనిదేటుంది?"

ఫోన్లో బుజ్జిబాబు వీడియోలు అయిదున్నాయి. పోయిన వారం అమ్మ తీసినవి. ఒక్కోటి చూసి మూడు కార్డుల్లో ఒకటి పెట్టాలి: బాగుంది, బాలేదు, భయం. అవే వీడియోలు చూసి, తనకి అప్పుడెలా ఉందో చూపిస్తూ బుజ్జిబాబు ముందే కార్డులు పెట్టాడు. రెండూ కలవాలి.

నాలుగు కలిశాయి. నీలవేణి కాలు మీద కాలేసుకుంది.

అయిదోది ఆదివారం నాటిది, అమ్మ కూడా వాళ్ల వెంట వెళ్లి తీసింది. స్టేషన్ వంతెన మీద బుజ్జిబాబు. కింద ఎక్స్‌ప్రెస్ హారన్ కొడుతూ వెళ్తోంది. వాడు రెండు చేతులూ గబగబా ఆడిస్తూ పకపకా నవ్వుతున్నాడు.

ఇదీ ఒక ప్రశ్నేనా? వాళ్లది రైల్వే ఇల్లు. తాత ఇంజన్ డ్రైవర్, నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. ఆ ఇంట్లో పిల్లలకి నడక రాకముందే చంకనేసుకుని వంతెన ఎక్కిస్తారు. రైలంటే ఇష్టం లేని పిల్లాడు అక్కడ పుట్టలేదు. రెండేళ్లుగా ఆదివారం సాయంత్రం తమ్ముణ్ణి తీసుకెళ్లేది నీలవేణే. రెండోసారి చూడకుండా "బాగుంది" పెట్టేసింది.

చాందిని దీదీ బుజ్జిబాబు కార్డు తిప్పింది. భయం.

"తప్పు," అంది నీలవేణి. "నవ్వుతున్నాడు కదా. ఏదో ఒక కార్డు పెట్టేసినాడు. ఆడికేటి తెలుసు దీదీ?"

ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో నీలవేణికి అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కాయి.

మామ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఒలే, ఆదివారం వొస్తే ఆడు రాత్రి అన్నం ముట్టడు. రైలు సూసిన కుసీలో ఆకలి సచ్చిపోనాదనుకున్నాను. సొక్కా కాలరు నమిలి నమిలి సిల్లు సేసినాడు. నాకూ తట్టనేదు."

బుజ్జిబాబు లేచాడు. ఆ కార్డు తీసి నీలవేణి చేతిలో పెట్టి, ఆమె వేళ్లు తనే మూశాడు. అంతకంటే ఎలా చెప్తాడు? వాడు చెప్తూనే ఉన్నాడు, చెయ్యి పట్టి లాక్కెళ్లింది తను. నీలవేణికి కోపం తగ్గలేదు. అది ఎవరి మీద రావాలో మాత్రం తెలిసింది.

మర్నాడు ఆదివారం. సాయంత్రం ఇద్దరూ చెప్పులేసుకుని బయల్దేరారు. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే వంతెన. మామూలుగా అయితే నీలవేణి అక్కడ వాడి చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఈసారి వదిలేసింది.

"ఎటెల్దాం?" అని అడిగి నిలబడింది.

బుజ్జిబాబు కాలరు నమిలాడు. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలు. లాక్కెళ్లిపోతే పని అయిపోతుందని నీలవేణికి అనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

రాజ్ కిరణ్ సైకిల్ ఆపాడు. "ఎక్స్‌ప్రెస్ వొచ్చేస్తాది. ఏటిలాగ నిలబడిపోనావు?"

"మా తమ్ముడు సెప్పాల."

"ఆడికేటి తెలుసు?"

"ఆడికి తెలుసు. మనకే తెలీదు. నువ్వెల్లు."

ఇంకాసేపటికి బుజ్జిబాబు కుడివైపు కదిలాడు. నీలవేణి ఒక అడుగు వెనక నడిచింది. అక్కడ షెడ్డు కింద టోటోలు చార్జింగ్‌లో ఉన్నాయి. అవి బ్యాటరీ ఆటోలు, ఇంజన్ రొద ఉండదు. వాడు చివరి టోటో ఎక్కి సీటుకి చెంప ఆనించాడు. నవ్వలేదు. కాలరు నోట్లోంచి జారిపోయింది.

ఇంటికి ఇంత దగ్గర్లో ఉంది ఆ చోటు. ఇన్నాళ్లూ వాణ్ణి ఎవరూ అడగలేదు.

దూరంగా వంతెన వైపు హారన్ మోగింది. బుజ్జిబాబు చేతులు ఆడిస్తూ పకపకా నవ్వాడు.

నీలవేణి వాడితో కలిసి నవ్వలేదు. "భయమేస్తంది కదా," అంది నెమ్మదిగా. రైలు చప్పుడు పూర్తిగా పోయేదాకా పక్కనే కూర్చుంది.

"ఎల్లిపోనాది," అంది.

బుజ్జిబాబు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.