వద్దంటే ఇచ్చినట్టే

ఏథెన్స్ చేరిన రెండో రోజుకే రుమ్యానాకి కాఫీ అంటే వెగటు పుట్టింది. తప్పు కాఫీది కాదు, మాటది. వీళ్ళ బల్గేరియాలో "నే" అంటే వద్దు, కాదు. ఈ గ్రీకులకేమో "నే" అంటే అవును, సరే. హోటలాయన వచ్చి ఖాళీ కప్పు చూపించి ఏదో అడిగేవాడు. ఈవిడ నోట్లో రొట్టెముక్కతో "నే" అనేది. నిక్షేపంగా ఇంకో కప్పు వచ్చి కూచునేది.

మొగుడు దోబ్రి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓహి అనవే తల్లీ, ఓహి! వీళ్ళ 'వద్దు' అది."

"నలభై ఏళ్ళ నోరు రెండు రోజుల్లో తిరుగుతుందా? నువ్వు తాగు, నీ పాపానికి అదే శిక్ష."

పాపం అన్న మాటకి దోబ్రి నవ్వు ఆగిపోయింది. కిందటి శీతాకాలం ఆరు నెలలు అతను ప్లోవ్‌దివ్‌లో ఇంకొకత్తె ఇంట్లో ఉన్నాడు. లారీ డ్రైవరు కదా, దారి తప్పాడని ఊరంతా జోకులు. ఏప్రిల్‌లో పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే రుమ్యానా తలుపు తీసింది. సోఫా చూపించింది, అంతే. ఈ ప్రయాణం అతని క్షమాపణ. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి మొదటిసారి ఇద్దరూ కలిసి ఊరు దాటారు. నిన్న సాయంత్రం కొండెక్కుతూ ఆమె తనంతట తనే అతని చెయ్యి పట్టుకుంది. మొగుడు మళ్ళీ తనవాడవుతున్నాడు. ఈసారి పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఎండ మాడు పగలగొడుతోంది. ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంది. "ఇంక రాళ్ళు చూడలేనురా బాబూ, నీడ ఉంటే చాలు" అని రుమ్యానా మొరాయించింది. ఒక గోడ అవతల పొడుగాటి చెట్లు కనిపిస్తే లోపలికి దూరారు. అది పాత శ్మశానం. పాలరాతి బొమ్మలు బాగున్నాయని దోబ్రి ఫోటోలు తీశాడు. ఆ చివర పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఒక కట్టడం. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలినుంచి చల్లటి గాలి కాళ్ళకి తగిలింది.

"చల్లగా ఉందే, రా."

"పిలవని పేరంటం ఎందుకు?"

"ఎవరున్నారు పిలవడానికి!" అంటూ అతను లోపలికెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది.

కంటికి చీకటి అలవాటు కావడానికి కాసేపు పట్టింది. నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా రేకుపెట్టెలు. ఒక్కో పెట్టె మీద ఒక్కో ఫోటో... పెళ్ళిసూటులో ఒకాయన, కళ్ళజోడుతో ఒక ముసలమ్మ. ఆ ఊళ్ళో చనిపోయినవాళ్ళకి మూడేళ్ళే మట్టి. ఆ తర్వాత తవ్వి తీసి, ఎముకలు వైన్‌తో కడిగి, పెట్టెలో సర్దుతారు. వచ్చేటప్పుడు బస్సులో పక్క సీటావిడ చెప్పింది ఈ సంగతి. తడిమట్టి వాసన, దీపాల నూనె వాసన, వాటి కింద పులిసిన వైన్ వాసన.

నీళ్ళ చప్పుడు వినిపించింది. ఎవరో గుడ్డ పిండుతున్నట్టు.

అరల చివర ఒక ముసలావిడ నేలమీద చతికిలబడి ఉంది. నల్ల గౌను, నల్ల తలగుడ్డ. ముందు బేసిన్. అందులో ఎర్రగా వైన్. పొడుగాటి ఎముకని పసిబిడ్డ కాలు రుద్దినట్టు నెమ్మదిగా రుద్దుతోంది. వీళ్ళని చూసి లేచింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. తిన్నగా దోబ్రి దగ్గరికొచ్చి, అతని తల మీద జాన పెట్టి కొలిచింది. తర్వాత భుజాలు, తొడ ఎముక.

"నాకు చొక్కా కుడుతుందేమోనే" అన్నాడు దోబ్రి గొంతు తగ్గించి. కానీ పక్కకి జరగలేదు, పెద్దావిడని నొప్పించడం ఎందుకని.

ముసలావిడ పక్కనున్న ఖాళీ పెట్టె తెరిచి చూపించింది. దోబ్రిని చూపించింది. అప్పుడు రుమ్యానా వైపు తిరిగి, అరచెయ్యి చాచి, ఎంతో మర్యాదగా ఏదో అడిగింది. భాష రాకపోయినా అర్థమైంది. వీణ్ణి ఇస్తావా?

పిచ్చిదేమో పాపం అనుకుంది రుమ్యానా. నవ్వొచ్చింది కూడా. "నే! ఆర్నెల్ల కిందట అడిగుంటే ఇచ్చేదాన్నేమో" అంది తన భాషలో.

ముసలావిడ మొహం వెలిగిపోయింది. రుమ్యానా చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకుంది. పెదాలు మట్టిలా చల్లగా ఉన్నాయి.

ఆ చెయ్యి వదిలి దోబ్రి జుట్టు పట్టుకుంది.

అతని తల వెళ్ళి రాతి గోడకి కొట్టుకుంది. ఒకసారి కాదు. రెండు... మూడు... కొబ్బరికాయ పగిలిన చప్పుడు. ఆరడుగుల మనిషి గుడ్డపేలికలా వేలాడాడు. అరలు కూలాయి. పెట్టెలు దొర్లి మూతలు ఊడిపోయి, ఎముకలు నేలంతా చిందరవందర. ముసలావిడ అతని తల బేసిన్లో ముంచింది. ఎర్రటి వైన్ పొంగి పొర్లింది. మోకాలు వీపు మీద వేసి, నుదుటి చర్మాన్ని గోళ్ళతో లాగడం మొదలుపెట్టింది. బంగాళాదుంప తొక్క తీసేటంత ఓపికగా.

రుమ్యానా పక్కనున్న ఇనప దీపస్తంభం ఎత్తి ఆమె వీపు మీద బాదింది. మళ్ళీ బాదింది. లోపల ఏదో విరిగింది. ముసలావిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. దోబ్రి తల పైకి లేపింది. అతనికి ఊపిరి అందింది. నుదురు తెరుచుకుని ఎముక తెల్లగా కనిపిస్తోంది.

"రుమీ..." అన్నాడు.

ముసలావిడ మళ్ళీ అడిగింది. అదే మర్యాద. అదే చాచిన అరచెయ్యి. దాన్నుంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారుతోంది.

"నే!" రుమ్యానా గుండెలు పగిలేలా అరిచింది. "నే!"

ముసలావిడ సంతోషంగా తలాడించి అతని నోట్లో వేళ్ళు పెట్టింది. దవడ కీలు తప్పిన చప్పుడు గదంతా వినిపించింది.

అయ్యో, అప్పుడు వెలిగింది రుమ్యానాకి. వద్దు వద్దని మొత్తుకుంటూ తన నోటితో తనే అప్పగిస్తోంది. ఆ ఇంకో మాట... కాఫీ దగ్గర దోబ్రి నేర్పిన మాట... ఏంటది... ఓ... ఓ...

"ఓహి!"

చేతులు ఆగాయి.

ముసలావిడ రుమ్యానాని వింతగా చూసింది. బేరం కుదిరాక మాట మార్చినవాళ్ళని చూసినట్టు. దోబ్రిని వదిలేసింది. రక్తపు చేతిని మొహం ముందుకి ఎత్తి, నెమ్మదిగా మూడు వేళ్ళు చూపించింది. మూడుసార్లు అన్నావనా? మూడేళ్ళనా? ఆమె చతికిలబడి, బేసిన్ తన దగ్గరికి లాక్కుని, మళ్ళీ ఆ పొడుగాటి ఎముక అందుకుంది.

రుమ్యానా అతన్ని చంకల్లో చేతులు వేసి ఎండలోకి ఈడ్చింది. ఈడ్చినంతసేపూ వెనక గుడ్డ పిండుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆస్పత్రిలో ముప్పై ఎనిమిది కుట్లు వేశారు, దవడకి తీగ చుట్టారు. పోలీసులు వెళ్ళి చూస్తే అరలు కూలి ఉన్నాయి, రక్తం ఉంది. ముసలావిడ లేదు, బేసిన్ లేదు. ఆ వారం అక్కడ ఎవరి ఎముకలూ కడగలేదని కాపలాదారు ఒట్టు పెట్టుకుని చెప్పాడు. సొంతూరు కజన్లాక్‌కి తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా రుమ్యానా మొగుడి చెయ్యి వదల్లేదు. ఇంటికొచ్చిన రోజే సోఫా మీద దుప్పటి మడతపెట్టేసి, "లోపలికి రా" అంది. క్షమించానని కూడా అంది. దోబ్రి ఏడ్చాడు.

నెలన్నరకి గాయాలు మానాయి, తీగ విప్పారు. మనిషి మునుపటికంటే ఉషారుగా ఉన్నాడు. వంట చేస్తున్నాడు, పాటలు పాడుతున్నాడు.

ఒకటే చిక్కు. పొద్దున్నే అతని వైపు పక్క మీద మట్టి ఉంటోంది. మొదట చిటికెడు, తర్వాత దోసెడు. కజన్లాక్ మట్టి నలుపు. ఇది ఎర్రది, తడిది, ఆ శ్మశానపు మట్టిలా. "నిద్ర ఎలా పట్టింది?" అని అడిగితే "అంత హాయి ఎప్పుడూ ఎరగను" అంటాడు. రుమ్యానా ఎవరికీ చెప్పలేదు. రోజూ అతను లేచి వెళ్ళాక బాల్కనీలో దుప్పటి దులుపుతోంది. ఎలాగోలా దక్కాడు, అంతే చాలనుకుంటోంది.

ఇవాళ దులిపితే మట్టితో పాటు ఏదో టక్కుమని నేలమీద పడింది. వంగి తీసింది. దవడపన్ను. వేరుతో సహా ఉంది, కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఒక పక్క వెండితో పూడ్చి ఉంది. అది దోబ్రి పన్ను. పళ్ళ డాక్టరు దగ్గర ఆ వెండి వేయించిన రోజు భయంతో అతను ఆమె చెయ్యి నలిపేస్తే, పక్కన కూచుని నవ్వింది తనే.

"రుమీ, గుడ్లు చల్లారిపోతున్నాయే!"

దోబ్రి బాల్కనీ గుమ్మంలోకి వచ్చి నోరంతా తెరిచి నవ్వాడు. పళ్ళన్నీ ఉన్నాయి. వెండి పన్ను కూడా.