పాటలమ్మ పళ్ళసెట్టు

చర్చి వెనక, సమాధుల గోడకి ఆనుకుని, పాటలు ప్రాక్టీసు చేసుకునే గది ఒకటుంది. దానికి చెడ్డపేరు వచ్చి నాలుగు రోజులే. అయితేనేం, నలభై ఏళ్ళకి సరిపడా వచ్చేసింది. చీకటి పడ్డాక అందులో ఎవరో ఆడమనిషి పాడుతోందట. పాట మధ్యలో టక్... టక్... అని చప్పుడట.

"ఇంకెవరు, మన పాటలమ్మే!" అని తేల్చేశారు జనం.

పాటలమ్మ పోయి ఏడాది. ముప్పై ఏళ్ళు ఆ చర్చిలో పాట ఎత్తుకున్నది ఆవిడే. చివరి రెండేళ్ళు మాత్రం గొంతు విప్పలేదు. కొత్త పళ్ళసెట్టు పెట్టుకున్నాక, ఎత్తుకోవడమే ఆలస్యం — టక్ టక్‌మని కొట్టుకునేది. "నా చిగుళ్ళు అరిగిపోయాయర్రా, ఎవరేం చేస్తారు" అనేసి వెనక బెంచీకి వెళ్ళిపోయింది.

ఆ సెట్టు కట్టిన పళ్ళాయనకి మాత్రం అసలు సంగతి తెలుసు. చిగుళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. కొట్టు కట్టేసే తొందరలో చిగుళ్ళ అచ్చు సరిగ్గా తీయలేదతను. కుదరలేదని ఆవిడ తిరిగొచ్చింది. కొట్టు పెట్టి అప్పటికి ఆర్నెల్లే, పేరు పోతుందేమోనని భయం. "మీ చిగుళ్ళే అంతమ్మా" అనేశాడు. ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, "అంతేనా బాబూ" అని వెళ్ళిపోయింది.

దేవుడు క్షమిస్తాడని అతనికి నమ్మకమే. దిగులల్లా ఒకటే. క్షమించి తీసుకెళ్ళేది పరలోకానికే కదా... అక్కడ గుమ్మంలోనే పాటలమ్మ ఎదురైతే? ఏ మొహం పెట్టుకుని పలకరించేది?

ఆ రాత్రి మంచాన పడ్డ ఓ ముసలాయనకి సెట్టు బిగించి, పనిసంచీ భుజాన వేసుకుని వస్తున్నాడు. వాన. రోడ్డంతా మోకాల్లోతు నీళ్ళు. ఇక మిగిలింది చర్చి వెనక సందు ఒక్కటే.

"పాడేవాళ్ళు పాడుకుంటారు. మనకెందుకు, మన దారిన మనం పోదాం" అని తనకి తానే చెప్పుకుని అడుగేశాడు. సందు సగం దాటాడో లేదో...

పాట!

సన్నగా, తీయగా, కిటికీ సందుల్లోంచి. రెండో చరణం... టక్.

మళ్ళీ — టక్.

ఆ చప్పుడు లోకంలో అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఉన్నచోటే, ఆ గది గుమ్మం ముందు, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అమ్మా... మీ చిగుళ్ళు కాదు... అచ్చు నేనే తప్పు తీశాను. అబద్ధం చెప్పాను. మీ పాట నేనే ఆపేశాను... నన్ను..."

పాట ఆగిపోయింది.

వాన చప్పుడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు.

"తెలుసు బాబూ." అచ్చం ఆవిడ గొంతే! "అది ఎప్పుడో క్షమించిన తప్పే... తడిసిపోతావు, లోపలికి రా."

లోపలికా!

ఆ భయంలోనే, ఎక్కణ్ణించో ఓ నవ్వు పొంగుకొచ్చింది. క్షమించిందట... ఎప్పుడోనట! దెయ్యమైతే మాత్రమేం? తలుపు తోశాడు.

కొవ్వొత్తి వెలుగు. తెల్లటి జుట్టు. అదే ముక్కు, అవే కళ్ళు...

దబ్బున బోర్లా పడ్డాడు.

"అయ్యో, లేవయ్యా! నేను చెల్లెల్ని!" అందావిడ. "ఆదివారం అక్క జ్ఞాపకార్థ కూడిక కదా, అక్క పాట పాడదామని వచ్చాను. పాస్టరుగారింట్లో దిగాను. పగలు పాడితే నలుగురూ నవ్వుతారని రాత్రిళ్ళు..."

"మరి ఆ... టక్ టక్?"

ఆవిడ పై పలువరుస రెండు వేళ్ళతో పట్టుకుని ఊపి చూపించింది.

"మా ఊళ్ళోనూ నీలాంటివాడు ఒకడున్నాడు."

అతనికి నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. నవ్వీ నవ్వీ, పొట్ట పట్టుకుని, చివరికి భయంభయంగా అడిగాడు:

"తెలుసన్నారు... ఎలా?"

"అక్క ఇంకో డాక్టరుకి చూపించుకుంది. అచ్చు తప్పని ఆయన చెప్పేశాడు. 'కొత్తగా కొట్టు పెట్టుకున్నవాడు, బయటపడితే ఎలా బతుకుతాడే' అని నోరు మూసుకుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "పోయేముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని నీకో మాట చెప్పమంది. ఇన్నాళ్ళకి గానీ ఈ ఊరు రావడం నాకు పడలేదు."

"ఏ... ఏమని?"

"'నా మనసులో ఏమీ లేదని చెప్పు. ప్రభువు దగ్గర నాకు కొత్త శరీరం వస్తుంది, సొంత పళ్ళతో సహా. వాణ్ణి ధైర్యంగా రమ్మను. కాకపోతే... అక్కడ వాడికి పని దొరకదు!'"

ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలీలేదు. కళ్ళు తుడుచుకుని, సంచీ విప్పి, కొవ్వొత్తి దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇక్కడ ఉంది కదమ్మా! ఏదీ, నోరు తెరవండి."