ఎడమ చేతికి సెలవు

గిన్నె అంచు దాటేసరికే చెంచాలో జావ సగమైంది. మిగిలిన సగం గడ్డం దాకా వచ్చి, అక్కడ దారి తప్పి, మెడ కింద కట్టుకున్న తువ్వాలు మీద పడింది.

"ఇదీ పోయింది," అంది కేకులమ్మ విసుగ్గా. మాట ముద్దముద్దగా వచ్చింది.

"పోతే పోనీండి. గిన్నెలో ఇంకా ఉందిగా అత్తయ్యా," అంది ఎదురుగా కూర్చున్న కోడలు.

"చల్లారిపోయింది."

"వేడి చేసి తెస్తాను. తినిపించమంటే మాత్రం తినిపించను."

"రాక్షసి!"

"ఈ మాట మాత్రం ఎంత స్పష్టంగా వస్తుందో చూశారా!" అని నవ్వుతూ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది కోడలు.

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి కేకులమ్మ అనే పిలుస్తారు. బజారు మలుపులో ఉన్న బేకరీలో కేకుల మీద పేర్లు రాయడం ఆవిడ పని. క్రీము నింపిన కోను సంచీని పిడికిట్లో అలా నొక్కితే చాలు, అక్షరాలు ముత్యాల్లా వరస కట్టేవి. గొంతు కూడా అంతే గట్టిది. భర్త బతికున్న రోజుల్లో, "కేకులూ ఈవిడవే, కేకలూ ఈవిడవే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

అలాంటిది ఒక పొద్దున ఎవరిదో పుట్టినరోజు కేకు మీద పేరు రాస్తూ ఉండగా, చివరి అక్షరం అంచు మీద నుంచి కిందికి జారిపోయింది. చెయ్యి తనదే, కానీ తన మాట వినడం లేదు. ఇదేమిటి అని అడుగుదామంటే నోరూ వినలేదు. పక్కనున్నవాళ్ళు గబగబా ఆస్పత్రిలో చేర్చారు కాబట్టి ప్రాణం దక్కింది. మెదడులో రక్తం గడ్డకట్టి కుడిపక్క పడిపోయిందన్నారు డాక్టర్లు. కాలు మెల్లగా దారికొచ్చింది. చేతికర్ర ఊతంతో ఇంట్లో నాలుగడుగులు వేయగలుగుతోంది. చెయ్యి మాత్రం ముడుచుకుని ఒళ్ళో కూర్చుంది, అలిగిన చుట్టంలా.

తల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ కూతురు పక్కనే ఉంది. తర్వాత వేరే ఊళ్ళో తను పాఠాలు చెప్పే బడి పిల్లల దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆ తర్వాతే రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఈ ఇంటికి రావడం మొదలైంది. కొడుకు వయసు కూడా లేని అమ్మాయి. వచ్చిన మొదటిరోజే చెయ్యి పట్టుకుని చూసి, బీపీ గురించీ మాత్రల గురించీ కాకుండా వింత ప్రశ్న ఒకటి వేసింది.

"అమ్మగారూ, ఈ చెయ్యి బాగయితే ముందు ఏం చేయాలనుంది?"

"పే...ర్లు... రాయాలి."

"రాద్దాం. ఎప్పటికి అంటే ఇప్పుడే చెప్పలేను. ముందు మీ జావ మీరు తాగాలి, మీ బొత్తాం మీరు పెట్టుకోవాలి. ఆ తర్వాత కేకు."

చెంచా పిడికి స్పాంజి చుట్టి లావు చేసి ఇచ్చింది ఆ అమ్మాయి. బట్టలకు పెట్టే క్లిప్పులు, సీసా మూతలు, తడిగుడ్డ, ఇవే ఆమె మందులు. మూత పట్టుకోవడం ఒక ఎత్తు, దాన్ని వదలడం ఇంకో ఎత్తు. పట్టుకున్నాక వేళ్ళు విచ్చుకోవు! మూత ఒకటి డబ్బాలో వేసేసరికి నుదుటి మీద చెమట పట్టేది. ఇంతలో ఎడమ చెయ్యి ఊరుకోదు కదా, చటుక్కున వచ్చి ఆ పనేదో చేసేసేది.

"ఇదిగో, దొంగ దొరికింది," అంది థెరపిస్టు ఒకరోజు. "మీ కుడి చెయ్యి చచ్చిపోలేదమ్మగారూ. దానితో పని చేయించడం మీ మెదడు మర్చిపోయింది. ఎడమ చెయ్యి అడ్డొస్తుంటే గుర్తెందుకు చేసుకుంటుంది? మీ వేళ్ళలో కాస్త కదలిక ఉంది కాబట్టి ఒక పద్ధతి ఉంది. రోజూ కొంతసేపు ఎడమ చేతికి సెలవిద్దాం."

అలా వచ్చింది ఆ తొడుగు. దళసరి గుడ్డతో కుట్టి, లోపల దూది కుక్కారు, అచ్చం ఎలుగుబంటి పంజాలా ఉంది. అది తొడుక్కుంటే ఎడమ చేత్తో ఏదీ పట్టుకోవడానికి వీల్లేదు. నడిచేటప్పుడూ, వేడి వస్తువుల దగ్గరా తీసేయాలి. మిగతా వేళ తినడం, తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం అన్నీ కుడి చేత్తోనే.

ఆరోజు కేకులమ్మే కోడల్ని దగ్గరికి పిలిచి, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "నేను ఏడుస్తాను. తిడతాను. అయినా... నువ్వు సాయం రాకు."

"మీరు ఏడుస్తుంటే చూస్తూ ఎలా కూర్చోను అత్తయ్యా?"

"కూర్చో. నా కోసం."

కోడలు సరేనని తల ఊపింది.

ఇప్పుడు వేడి చేసిన జావ మళ్ళీ ముందుకొచ్చింది. చెంచా మళ్ళీ లేచింది. వణికింది. తువ్వాలు మీద ఇంకో మరక చేరింది. అదే సమయానికి తలుపు తోసుకుని కూతురు వచ్చింది. బడికి సెలవులిచ్చారని, ముందుగా చెప్పకుండా వస్తే అమ్మ మురిసిపోతుందని అనుకుని వచ్చిన మనిషి, గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో బ్యాగు జారి నేల మీద పడింది.

"ఏమిటిది? అమ్మ చెయ్యి కట్టేశావా?"

"వదినా, కట్టెయ్యలేదు. ఇది థెరపీ..."

"థెరపీనా! బాగున్న చెయ్యి మూటగట్టి, పనిచెయ్యని చేత్తో తినమనడం థెరపీనా? మెడ నిండా జావ. నువ్వేమో ఎదురుగా కూర్చుని సినిమా చూస్తున్నట్టు చూస్తున్నావు!"

"అత్తయ్యే చెబుతారు. ఒక్క నిమిషం ఆగండి."

కేకులమ్మ నోరు తెరిచింది. "నే...నే..."

"నువ్వు మాట్లాడకమ్మా, ఆయాసపడకు. నాకంతా అర్థమైంది."

అంతా అర్థమైపోయిందన్న మనిషికి ఇక చెప్పేదేముంది? కూతురు తొడుగు లాగి పక్కన పడేసింది. తడిగుడ్డతో తల్లి మెడ తుడిచి, ఒక చేత్తో తల నిమురుతూ రెండో చేత్తో జావ తాగించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కేకులమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. వెచ్చటి జావ ఒక్క చుక్క ఒలక్కుండా కడుపులోకి వెళ్ళి ఎన్నాళ్ళయింది! కళ్ళు మూసుకుని హాయిగా తాగింది. కళ్ళు తెరిచేసరికి కోడలు ఎదురుగా లేదు.

మధ్యాహ్నం బస్సు డిపోలో పని ముగించుకుని వచ్చిన కొడుకు నడుమ నలిగిపోయాడు. అటు అక్క, ఇటు భార్య. "అమ్మని నాతో తీసుకెళతాను," అని అక్క ఒంటికాలి మీద ఉంది. కొడుకు తల్లి ముందు కూర్చుని అడిగాడు. "నువ్వేమంటావమ్మా?"

కేకులమ్మ కోడలి వైపు చూడలేకపోయింది. "అలిసిపోయాను నాన్నా. కొన్నాళ్ళు... వెళ్ళొస్తా."

కోడలు బట్టలు సర్ది, మాత్రలు ఏ వేళకేవో వదినకి చెప్పి, పైన ఆ తొడుగూ స్పాంజి చెంచా పెట్టింది.

కూతురి ఇంట్లో కేకులమ్మకి లోటు లేదు. పక్క మీద నుంచి లేవకముందే మొహం తుడిచేది కూతురు. తినిపించేది, తల దువ్వేది, బొత్తాలు పెట్టేది. తల్లి చూపు చెంబు మీద పడిందంటే నీళ్ళు నోటి దగ్గరకొచ్చేవి. మాట మొదలుపెడితే చాలు, మిగతాది కూతురే పూర్తిచేసేది. ఒక్కోసారి సరిగ్గానే చేసేది. చాలాసార్లు కాదు. కేకులమ్మ సరిదిద్దే ఓపిక లేక, వచ్చింది తీసుకుని ఊరుకునేది.

ఒక పొద్దున ఎండ కిటికీలోంచి పక్క మీదికి వచ్చింది. కాళ్ళ మీది దుప్పటి తీసేద్దామని కుడి చేతికి చెప్పింది కేకులమ్మ. అది కదల్లేదు. కోడలి దగ్గర ఉన్నప్పుడు ఈ చెయ్యి దుప్పటి అంచు పట్టుకుని లాగేది. ఇప్పుడు వేళ్ళు బిగుసుకుపోయి అరచేతిలోకి గుచ్చుకుంటున్నాయి. భుజం నొప్పి. మళ్ళీ చెప్పింది. చూపుడు వేలు ఒక్కటి, నిద్రలో ఉలిక్కిపడ్డట్టు కదిలి ఆగిపోయింది. ఎంత చెమటోడ్చి సంపాదించుకున్నది, ఎంత సుఖంగా జారవిడుచుకుంది!

"అమ్మడూ..." అని పిలిచింది.

కూతురు పరుగున వచ్చింది. "ఏమ్మా? నీళ్ళా?"

"కాదు. తొ..."

"తోడు కావాలా? ఇక్కడే కూర్చుంటానుగా."

"తొడు..."

"తొడ నొప్పా? నూనె రాయనా?"

"ఆగు!"

ఇల్లు దద్దరిల్లింది. పాత కేకలమ్మ గొంతు అది. కూతురు చిన్నప్పుడు మెట్ల మీద గెంతుతుంటే విన్న గొంతు. అదిరిపడి అక్కడే నిలబడిపోయింది.

"కూర్చో," అంది కేకులమ్మ. "నేను చెప్పేదాకా... మాట్లాడకు."

కూతురు కూర్చుంది. ఒక్కో మాటా వెతుక్కుని, నాలుకకి దొరికినదాన్ని పట్టుకుని, దొరకనిదాన్ని వదిలి ఇంకోటి అందుకుని, తల్లి చెప్పుకొచ్చింది. మధ్యలో సాయం చెయ్యబోయి కూతురు రెండుసార్లు పెదవి కొరుక్కుంది.

"ఆ తొడుగు కోడలు కట్టలేదు. నేనే కట్టుకున్నాను. చెయ్యి కావాలని. ఏడ్చినా సాయం రాకని... మాట తీసుకున్నాను. నువ్వు అరుస్తున్నప్పుడు తను ఆ మాట నీకు చెప్పలేదు. నేను చెబుతానని చూసింది. నేను చెప్పలేదు."

కూతురు మొహం పాలిపోయింది.

"నేను ఏడిస్తే నువ్వు ఒళ్ళో పెట్టుకుంటావు. నీది తప్పు కాదు, నా తల్లివి. కానీ తను... వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేది. కుళాయి చప్పుడులో ఏడ్చేది. నాకు వినపడేది. మొహం కడుక్కుని వచ్చి... మళ్ళీ నా ఎదురుగా కూర్చునేది. నవ్వేది కూడా." కేకులమ్మ ముడుచుకుపోయిన చేతిని ఎడమ చేత్తో ఎత్తి కూతురి ఒళ్ళో పెట్టింది. "చూడు. విప్పు."

కూతురు ఆ వేళ్ళు విప్పబోయింది. గట్టిగా ఉన్నాయి. తల్లి చెయ్యిలా లేదు, కర్రలా ఉంది. "నేను చేశానా ఇది?" అని, ఆ పిడికిలి మీద నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు చూడబుద్ధి కాలేదమ్మా. నీ చెయ్యి అలా వణుకుతుంటే నాకు భయమేసింది. అందుకే అన్నీ నేనే చేసేశాను."

"నాకూ హాయిగానే ఉంది," అంది కేకులమ్మ. "ఇద్దరం కలిసే చేశాం. పద, ఇంటికి పోదాం."

వాళ్ళు చేరేసరికి కోడలు గుమ్మంలో చెప్పులు సర్దుతోంది. ఆడపడుచుని చూసి లేచి నిలబడింది. "ప్రయాణం బాగా జరిగిందా వదినా?" అంది.

కూతురు దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయింది. "నిన్ను నానా మాటలూ అన్నాను," అని మాత్రం అనగలిగింది.

"మీ స్థానంలో నేనున్నా అనేదాన్నే. మా అమ్మని అలా చూస్తే ఊరుకుంటానా?"

మర్నాడు థెరపిస్టు వచ్చి చెయ్యి చూసింది. ముఖం చిట్లించలేదు, ఎవరినీ తప్పు పట్టలేదు. బిగుసుకున్న వేళ్ళని ఒక్కొక్కటే సాగదీస్తూ, "కొంత వెనక్కి వెళ్ళాం. దారి తెలిసిందే కాబట్టి మళ్ళీ వెళదాం," అంది. కూతురు బెరుకుగా అడిగింది. "నేను ఏం చెయ్యకూడదో చెప్పండి."

"అమ్మగారికి కష్టమైన పని కనపడగానే లేవకండి. పడిపోతారనిపిస్తే మాత్రం లేవండి. అంతే. మీ ప్రేమని తగ్గించుకోమనడం లేదు, కాస్త ఆలస్యంగా రమ్మంటున్నాను."

సెలవులు మిగిలినన్నాళ్ళూ కూతురు అక్కడే ఉంది. క్లిప్పులు లెక్క తప్పితే కసురుకుంటూ, బల్ల తుడిపిస్తూ, తల్లి మాట పూర్తయ్యేదాకా నోరు కట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది. అదే అన్నిటికంటే కష్టమైన వ్యాయామం అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

ఆమె ఊరికి వెళ్ళే రోజు పొద్దున ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. కేకులమ్మ చెంచా అందుకుంది. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పిడి మీద సర్దుకున్నాయి. చెంచా లేచింది. గడ్డం దగ్గర ఆగి వణికింది. కూతురు చెయ్యి తనకు తెలియకుండానే ముందుకి వెళ్ళింది. పక్కనున్న కోడలు ఆ చేతిని గబుక్కున పట్టుకుని బల్ల మీదే ఆపింది. వదల్లేదు. ఆడపడుచు కూడా ఆమె వేళ్ళని గట్టిగా బిగించింది. ఇద్దరి కళ్ళూ చెంచా మీదే.

చెంచా నోట్లోకి వెళ్ళింది. మొత్తం కాదు, మూడొంతులు.

"అబ్బ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

కేకులమ్మ మింగి, చెంచా కింద పెట్టి, వాళ్ళిద్దరినీ తేరిపార చూసింది. ఒకర్నొకరు పట్టుకుని, నోళ్ళు తెరుచుకుని, కన్నీళ్ళతో కూర్చున్న ఇద్దరాడవాళ్ళు. తన కోసం ఒకరు చెయ్యి చాచారు, ఒకరు చెయ్యి ఆపారు. ఎంత పుణ్యం చేసుకుంటే ఇద్దరూ దొరుకుతారు అనిపించింది ఆవిడకి. అదంతా చెప్పాలంటే చాలా మాటలు కావాలి. అన్ని మాటలు నోటికి అందేలా లేవు.

అందుకని కుడి చెయ్యి ఎత్తింది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, వణుకుతున్న వేళ్ళని కోడలి మొహం దాకా తీసుకెళ్ళింది. చెంప మీద కన్నీరు తుడవబోతే వేలు వెళ్ళి ముక్కు మీద పడింది. మళ్ళీ జరిపింది. ఈసారి తడి తగిలింది.

కోడలు కదలకుండా, సాయం చెయ్యకుండా, కళ్ళు మూసుకుని కూర్చుంది.