మైనస్ నలభై

జీపు కీచుమంటూ రోడ్డుకి అడ్డంగా ఆగుతుంది!

వెనక వస్తున్న ట్యాంకరు కూడా ఆగక తప్పదు. సాలూరు రోడ్డు. అప్పుడే దీపాలు పెట్టిన వేళ.

సింధూరి కిందకి దూకుతుంది. జీపు వెనక బస్తాల నిండా మాగిన పనసపళ్ళు... ఆ తీపి కంపు గొంతులో జిగురులా పట్టేసింది.

ఛీ!

"ఆడే! మన గెడ్డలో కెమికల్ పోసినోడు ఆడే! నీ పెట్టె పెట్టి సూడు!" స్టీరింగు దగ్గర్నుంచి జగన్నాధం మావ అరుస్తాడు. నోట్లో వెలిగించని చుట్ట.

పెట్టె సింధూరి కాలేజీ ల్యాబులో చేసింది. లోపల తగరం ఆక్సైడు పోగులు. కంటికి ఆననంత సన్నం. కెమికల్ ఆవిరి తగిలితే చాలు, అంకె పెరుగుతుంది.

పెరగాలి!

ఊరి వాగు, ఆ గెడ్డలో నీళ్ళు తాగిన చెల్లెలు తాయారు ఆస్పత్రిలో ఉంది. ఏం విషమో తెలిస్తేనే మందు అన్నాడు డాక్టరు. ఈ రాత్రిలోపే!

డ్రైవరు దేవేంద్ర దిగుతాడు.

"ఏటమ్మా ఇది? మంచినీళ్ళ బండి! పెళ్ళిలో జనం గొంతెండి సస్తన్నారు!"

పెట్టెని కుళాయి దగ్గర పెడుతుంది.

మైనస్ నలభై.

మైనస్సా?!

"సూసావా? మా నీళ్ళు అంత మంచివి!" దేవేంద్ర నవ్వుతాడు.

"పెట్టె సంగతి ఒగ్గీ! ఫోటో తీసి పోలీసులకి పంపు!" మావకి తొందర.

సింధూరి పెట్టె వెనక్కి తీసుకుంటుంది.

పెట్టెకి సున్నా పెట్టాల్సింది మంచి గాలిలో. హడావుడిలో తను పెట్టింది... జీపులో!

అంటే, జీపులో గాలే చెడ్డది.

జీపు వైపు వెనక్కి నడుస్తుంది. మైనస్ ఇరవై... సున్నా... బస్తాల దగ్గర రెండొందలు!

పనసపళ్ళకి ఇంతా?

అరగంటకో చుట్ట కాల్చే మావ... ఇవాళ ఒక్కటీ వెలిగించలేదు!

బస్తా లాగుతుంది. చితికిన పళ్ళ కింద నీలం డ్రమ్ము. దానికో కుళాయి. తడి ఆరని గొట్టం.

తాయారు బాలసారెకి వెండి పట్టీలు తెచ్చిన మావ. తిరనాళ్ళలో భుజాలకెక్కించుకు తిప్పిన మావ!

డ్రమ్ము మీది లేబులు ఫోటో తీసి... డాక్టరుకి పంపేస్తుంది!

"ఫోనియ్యే." మావ చేతిలో, సీటు కింద నుంచి తీసిన నాటు తుపాకీ. "ఫేక్టరీవోళ్ళు పొయ్యమన్నారు, పోసాను. తాయారు తాగుతాదని నాను కలగన్నానేటి?"

సింధూరి డ్రమ్ము కుళాయి తిప్పేస్తుంది. కెమికల్ బొళబొళా కారి మావ చెప్పుల కిందకి చేరుతుంది.

"కాల్చు మావా! ఒక్క నిప్పురవ్వకి ఇద్దరం మాడిపోతాం. చుట్టకే భయపడ్డావు కదా!"

మావ ఒక అడుగు వెనక్కేస్తాడు. పెట్టెలో అంకె తొమ్మిదొందలు!

ధడేల్!

పేలింది తుపాకీ కాదు. మావ భుజం మీద దేవేంద్ర మోదిన కొయ్యదిమ్మ. టైరు కింద అడ్డుపెట్టేది!

మావ తను తెచ్చిన విషంలోనే బోర్లా పడతాడు.

ఫోను మోగుతుంది. డాక్టరు. "దీనికి మందుందమ్మా. ఇప్పుడే ఎక్కిస్తున్నాం."

కింద నుంచి మావ మూలుగుతాడు.

"ఒసే... తాయారుకి మాత్రం సెప్పకే..."

సింధూరి రోడ్డు పక్కకి పరుగెత్తి, భళ్ళున కక్కేస్తుంది.