చొక్కా జేబులో సీసా

ఆ రోజు ఉట్నూర్‌లో ఎండ మండిపోతోంది. డాక్టరు జగన్మోహన్‌రావు నా చేతినుంచి తీసిన రక్తాన్ని, గడ్డకట్టకుండా మందు వేసిన వేలెడు సీసాలో పోసి మూత బిగించాడు. ముందురోజు కరీంనగర్ నుంచి తెప్పించిన మంచుగడ్డలు ఫ్లాస్కులో ఉన్నాయి. సీసాను వాటి మధ్యకు దించాడు.

నేను బడిపంతుల్ని. పేరు దశరథం. నెలల తరబడి కుండెడు నీళ్లు తాగినా దాహం తీరడం లేదు, ఒళ్లు సగమైంది. మూత్రంలో చక్కెర కనబడింది గాని, కొందరికి రోగం లేకున్నా అలా పడుతుందట. రక్తంలో ఎంతుందో కరీంనగర్‌లో తేలితేనే సూది మందు మొదలుపెడతానన్నాడు డాక్టరు. అంటే నా ప్రాణం ఆ సీసాలో ఉందన్నమాట.

"అంబదాస్, తొవ్వల ఏడ ఆగకు," అన్నాడు తన జీపు డ్రైవరుతో. "ఒంట్లకెళ్లి తీసినా రక్తం బతికే ఉంటది. అండ్ల ఉన్న చక్కెరను అదే తింటది. వేడి తగిలితే ఇంకింత తింటది. ఆడ మిషన్ల తిప్పి, పైన తేలిన పచ్చటి నీళ్లు వేరు చేసేదాక చల్లగ ఉండాలె."

"చక్కెర అయిపోయినంక ఏం తింటది సార్?" అన్నాను నవ్వుతూ.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాడు.

అంబదాస్ నాకు తమ్ముడికంటే ఎక్కువ. వాడు టైఫాయిడ్‌తో మంచాన పడితే నా భార్య సత్తమ్మ నెలంతా గంజి కాచి పోసింది. "ఫికర్ జెయ్యకే అన్నా, సీదా పోయి ఇచ్చొస్త," అని నా చెయ్యి నొక్కాడు. నమ్మాను. నమ్మకపోవడానికి ఏముంది?

ఇంటికొచ్చి మంచం మీద వాలగానే చలి పట్టుకుంది. నడి ఎండాకాలంలో పళ్లు టకటకలాడే చలి. సత్తమ్మ దుప్పటి కప్పింది. దుప్పట్లో పెట్రోలు వాసన...

మధ్యాహ్నం దాటాక చలి ఒక్కసారిగా పోయింది. ఎక్కడో సన్నాయి మోగుతోంది. తాలింపు వాసన.

"ఏమన్న ఇనబడుతుందా?" అని గుసగుసగా అడిగాను.

"లే. కాకి గూడ అరుస్తలేదు," అంది సత్తమ్మ.

ఎవరో నా చెవి పక్కనే నవ్వారు.

"బావా, గిది మంచుగడ్డనా? పండ్లు జివ్వుమంటున్నయ్!"

పిల్లల కేకలు. గ్లాసుల్లో గడ్డల చప్పుడు. వాటి మీదుగా, బాగా దగ్గరగా, అంబదాస్ గొంతు. "తాగుండ్రి, తాగుండ్రి! మీ అల్లుడు తెచ్చిండు."

కరీంనగర్ దారిలోని చొప్పదండిలో వాడి అత్తగారిల్లు. అక్కడ పెళ్లి ఉందని వాడే చెప్పాడు. నా మంచును షర్బత్‌లో వేసి పంచుతున్నాడు.

"మరి గా సీసా?" ఎవరో ఆడమనిషి.

"నా జేబులనే ఉన్నదిలే. రేపిస్త."

చీకటి. చెమట వాసన. వెచ్చదనం... ఆ వెచ్చదనంలో ఒక చప్పుడు. దబ్... దబ్...

గుండె మీద చెయ్యి వేసుకున్నాను. నాది పరుగెత్తుతోంది. వినబడేది మెల్లగా, నిదానంగా కొట్టుకుంటోంది. నాది కాదు.

తర్వాత ఆకలి మొదలైంది. సత్తమ్మ పెట్టిందంతా తిన్నాను. తీరలేదు. ఆ ఆకలి నా కడుపులో లేదు.

మర్నాడు సాయంత్రం అంబదాస్ ఫలితం తెచ్చాడు. డాక్టరు చూసి తల ఊపాడు. "చక్కెర మామూలుగనే ఉన్నది. సూది అక్కర లేదు. ఏడన్న ఆగినవా అంబదాస్?"

"లే సార్. మంచు గూడ కరగలే."

నా కళ్లలోకి చూస్తూ అన్నాడు. మా గంజి తాగిన నోటితోనే అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. చొప్పదండి పెళ్లి సంగతి మొత్తం డాక్టరుకు చెప్పాను.

"మంచంల పండి నువ్వెట్ల సూసినవయ్యా? జ్వరంల కలవరించినవు," అన్నాడాయన. "వానలు తగ్గినంక మల్ల తీద్దాం."

ఆయన లోపలికి పోయాక వాడి చెవిలో అడిగాను. "నీ బామ్మర్ది పండ్లు ఇంక జివ్వుమంటున్నయా?"

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. చొక్కా జేబును గట్టిగా పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సీసాను కరీంనగర్‌లో ఎప్పుడో కడిగి బోర్లించి ఉంటారు. వాడి గుండె చప్పుడు మాత్రం నాకు వినబడుతూనే ఉంది. వానలు మొదలయ్యాయి. నేను మంచం దిగలేకపోతున్నాను.

ఇవాళ పొద్దున అంబదాస్ భార్య భూమవ్వ వచ్చింది. గడప దాటలేదు.

"అక్కా, మా ఆయన కట్టెపుల్ల లెక్కయిండు," అంది సత్తమ్మతో ఏడుస్తూ. "జేబుల ఏదో మెసులుతుందంటడు... జేబు చింపి సూసిన. ఏం లేదు."

ఆమె పోయాక సత్తమ్మ గంజి తెచ్చింది. "జర తాగు. నిన్నటిసంది ఏం తినలే."

వద్దన్నాను. ఎండిపోయిన నా నోరు తడిగా, తియ్యగా ఉంది. చెవిలో ఆ గుండె చప్పుడు మెల్లగా... ఇంకా మెల్లగా...

నాకు ఆకలిగా లేదు.