డేరాలో ఎడమ పక్క

పదిహేనేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నవాడికి, నిన్నగాక మొన్న కెమెరా పట్టిన బావ పేరు వింటే కడుపు మండడంలో వింతేముంది? బావ అంటే అక్క మొగుడు, బడిలో డ్రాయింగు మాస్టారు. కొండ మీది సరస్సులో చేప నోట కరుచుకున్న నీటిపిల్లిని ఆయన తీసిన ఫోటో ఒక పత్రిక అట్ట మీద వచ్చింది. ఊరంతా మెచ్చుకుంది, పోనీలే అనుకోవచ్చు. కట్టుకున్న పెళ్ళాం కూడా ఆ అట్ట చింపి తెచ్చి స్టూడియో గోడకి అంటించింది. ఇన్ని పాస్‌పోర్టు మొహాల మధ్య అదొక్కటే ఫోటోలా ఉందిట!

ఆ సరస్సుకి బావతో పాటు ఆరుసార్లు ఎక్కాడు తను. ఆరుసార్లూ మధ్యలో లేచి వచ్చేసింది కూడా తనే. జంతువులకి లెక్క రాదని బావ కనిపెట్టిన ఉపాయం అది. తెల్లవారుతుండగా ఇద్దరూ ఒడ్డునున్న ఆకుపచ్చ గుడ్డ డేరాలో దూరతారు. కాసేపయ్యాక ఒకడు ఈల వేసుకుంటూ కొండ దిగిపోతాడు. మనుషులు పోయారనుకుని జంతువులు నీళ్ళకొస్తాయి. రెండోవాడు ఫోటోలు తీసుకుంటాడు. ఆ రెండోవాడు ఎప్పుడూ బావే.

ఏడోసారి మొండికేశాడు.

"ఇవాళ నేనుంటా. నువ్వు దిగు బావా."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దు. నా మాట విను."

"నేను తీస్తే నీ సొమ్మేం పోయింది?"

బావ డేరా గుడ్డ పైకెత్తాడు. "సరే. ఎడమ పక్కకి మాత్రం తిరగకు. ఏం అడిగినా... ఊ కొట్టకు."

"ఎవరడుగుతారు?"

బావ బయటికి పాకాడు. భయపెట్టి తనని పంపించెయ్యాలని ఎత్తు, అనుకుని నవ్వుకున్నాడు. ఈల రాళ్ళదారిన దిగుతూ సన్నబడింది.

మంచు నీళ్ళ మీద కదలకుండా పడుంది. డేరాలో ఎక్కడినుంచో తడిసిన కంబళి వాసన వచ్చింది. అవతలి గట్టున ఎండాకులు చప్పుడయ్యాయి. ముందు జింకలు వచ్చాయి. తరవాత నీటిపిల్లి, వెనకే రెండు పిల్లలు. అన్నీ ఒక్కసారే తలెత్తి డేరా వైపు చూశాయి. లెన్సులోకి కాదు... దానికి కాస్త ఎడమకి.

ఎడమ చెవికి చల్లగా ఊపిరి తగిలింది.

"ఇప్పుడు నొక్కు..."

నొక్కాడు. అలాంటి ఫోటో జన్మలో తియ్యలేదు. ఓహో, ఇదా బావ పనితనం! అంత భయంలోనూ కుళ్ళే ముందు లేచింది. దెయ్యం కూడా ఆయనకే దొరకాలా?

"ఆయనకంటే బాగా రావాలా?"

బావ చెప్పిన మాట గుర్తొచ్చింది. గోడ మీది అట్ట కూడా గుర్తొచ్చింది.

"ఊ."

"మరి... ఆయన్ని నేనుంచుకోనా?"

ఎదురుగా నీటిపిల్లి ఒక పిల్లని నోట కరుచుకుని నీళ్ళలోకి జారింది.

"...ఊ."

కింద దారిలో ఈల మధ్యలోనే ఆగిపోయింది.

వారం రోజులు కొండంతా గాలించారు. బావ చెప్పు కూడా దొరకలేదు. తను తీసిన ఫోటో అదే పత్రిక అట్ట మీద వచ్చింది. పెళ్ళాం దాన్ని చూసి, "అన్నయ్యగారుంటే ఎంత సంతోషించేవారో" అని కళ్ళొత్తుకుంది. గోడకి మాత్రం అంటించలేదు.

మూడు నెలలకి, ఏదో అర్జీకి ఫోటో కావాలని అక్క స్టూడియోకి వచ్చింది. బావ పోయినప్పటినుంచి ఆవిడ మొహాన నవ్వన్నది లేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు సర్ది, కెమెరా వెనక్కి వచ్చాడు.

"ఇటు చూడక్కా."

అక్క చూసింది. లెన్సులోకి కాదు. కాస్త ఎడమకి. చూసి, మెల్లగా నవ్వింది. పట్టపగలు, తలుపులేసిన గదిలో తడిసిన కంబళి వాసన.

"నా వైపక్కా..."

"ఉండరా," గుసగుసగా అంది. "ఇన్నాళ్ళకి మీ బావ ఈల వేస్తున్నారు."

అతనికి ఏ ఈలా వినబడలేదు. ఎడమ చెవికి మాత్రం చల్లగా ఊపిరి తగిలింది.

"ఇప్పుడు నొక్కు..."

ఈసారి ఆ గొంతు బావది.